విప్పని బియ్యం మూట

1949 జూలై 4, సోమవారం. సూర్యాపేట.

ఈరోజు హాజరు పుస్తకంలో సంతకం పెట్టాను. మా ఇంట్లో ఇంతవరకు కాగితం మీద అందరిదీ బొటనవేలే. నాన్న యాకోబుది, అన్న దావీదుది, అందరిదీ. నా సంతకం కొంచెం వంకర పోయింది. 'స్తే' దగ్గర గీత కిందికి జారింది. అయినా చదివితే ఎస్తేరు అనే ఉంటుంది.

ఉద్యోగం రెండు నెలలకే. తాలూకా కచ్చేరిలో నాకు బల్ల లేదు, కుర్చీ లేదు. పట్టీ మాత్రం ఉంది. అట్ట మీద 'కిరాయి ఇండ్ల పట్టీ' అని ఉర్దూలో ఒకరు రాశారు, కింద తెలుగులో నేను రాశాను. తెలుగే బాగుంది.

రెవెన్యూ పని చూసే గిర్దావర్ గోపయ్య గారు పని చెప్పారు. బయటి ఊళ్ల మనుషులను ఇంట్లో పెట్టుకొని కిరాయి తీసుకునే ప్రతి ఇల్లూ ఈ నెలాఖరులోగా పట్టీకెక్కాలి. కిరాయి పైకమైనా, గింజలైనా కిరాయే. బజారులో, బస్సుల రోడ్డు మీద ఉన్న ఇండ్లకు పర్మిషన్ ఇస్తారు. సంసారులుండే గల్లీల్లో ఇవ్వరు. అక్కడ కిరాయి మనుషులుంటే ఖాళీ చేయించి తలుపుకు సీలు వేస్తారు. ఇంటి లోపలికి పోయి ఆడవాళ్లను అడగాలి కనుక మగ గుమాస్తాలు పనికిరారు. మిర్యాలగూడ మిషన్ బడిలో మిడిల్ పాసైన పిల్ల ఒకతి ఉన్నదని ఎవరో చెబితే నన్ను పిలిపించారు. పని సరిగా చేస్తే ఆడపిల్లల బడిలో ఖాళీ ఉందని కూడా అన్నారు.

తడిపితే నీలంగా రాసే పెన్సిల్ ఒకటి ఇచ్చారు. నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఉన్నది ఉన్నట్టు రాయాలి.

జూలై 5

ఎనిమిది ఇండ్లు. నాలుక నీలం.

జూలై 7, గురువారం

మూడో గల్లీకి పోయాను. మొదటి మూడు ఇండ్లలో సొంతదారులే. నాలుగోది చాకలి బాలనర్సమ్మ ఇల్లు. వాకిట్లో ఎడ్లబండి అడ్డంగా ఉంది. బండి కింద పడుకొని ఒక లంబాడా మనిషి చుట్ట తాగుతున్నాడు. పేరు దస్రు.

"పో అక్కా, ఎద్దు ఏమనదు" అన్నాడు.

ఎద్దు ఏమీ అనలేదు గాని పట్టీ మూల నాకింది. ఆ మూల ఇంకా ఆరలేదు.

లోపల వరసగా మూడు అర్రలు, ముందు పొడుగాటి పంచ. ఒక పడుచు ఆరు రోజుల పసిగుడ్డుకు నూనె రాస్తున్నది. ఇంకొకామె అద్దాల రవికె, నిండు నెలల కడుపు, రోకలి పట్టుకొని నిలబడింది. దస్రు భార్య జమునా. పొయ్యి దగ్గర బాలనర్సమ్మ. యాభై ఏండ్లుంటాయి. బండకేసి ఉతికి ఉతికి చేతులు రెండూ మగవాడి చేతుల్లా ఉన్నాయి.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"కచ్చేరి నుంచి వచ్చిన. కిరాయి ఇండ్లు రాస్తున్న."

"అయితే వేరే ఇల్లు సూసుకో. గీడ కిరాయి లేదు."

"మరి వీళ్లెవరు?"

"నా బిడ్డలు."

నేను ఇద్దరినీ చూశాను. ఒకామెది తెల్లని తోలు, పిల్లి కండ్లు. ఒకామె లంబాడాది.

"ఇద్దరూనా?"

"ఇద్దరేంది? లెక్కవెడితే ముప్పై దాటుతరు. నమ్మకుంటే దవాఖానల అడుగు. అందరు పుట్టిల్లు అంటె నా ఇల్లే రాయించిన్రు."

జమునా నవ్వు ఆపుకోలేక రోకలి వదిలేసింది. "అమ్మా, ఈ అక్క నాలుక సూడు, అల్లనేరేడు తిన్నట్టున్నది" అన్నది. ఆ తర్వాత నేను నోరు మూసుకొనే ప్రశ్నలు అడగాలని చూశాను. అది కుదరదు.

నాకు తెలిసినంత వరకు సంగతి ఇది. బాలనర్సమ్మ పెనిమిటి బతికినన్నాళ్లు దవాఖాన దుప్పట్లు ఉతికేవాడు. ఆయన పోయాక కూడా ఆమె ఉతుకుతున్నది. దవాఖాన ఈ గల్లీ చివరే. పల్లెల నుంచి నొప్పులు మొదలయ్యాక బండి కడితే సగం దారిలోనే కాన్పయిపోతుంది. అందుకని పది రోజులు, నెల ముందే తెచ్చి ఈమె ఇంట్లో దింపుతారు.

"తొలికాన్పు పుట్టింట్ల గావాలంటరు గద" అన్నది బాలనర్సమ్మ. "దవాఖానేమొ ఆళ్ల పుట్టింటి ఊళ్లె లేకపాయె. అందుకే నా ఇల్లే పుట్టిల్లు జేసిన."

గోడకు ఆనించి రెండు బియ్యం మూటలు ఉన్నాయి. అల్లుళ్లు తెచ్చినవట.

"ఇవి కిరాయి కింద ఇచ్చినవేనా?" అని అడిగాను.

"ఒకటి నాది. ఒకటి ఇంకా నాది గాలే" అని గంటె తిప్పింది.

పట్టీ అంచున సన్నగా రాసుకున్నాను: 'మూటలు రెండు. పసిబిడ్డ తల్లిది విప్పి ఉంది. జమునాది కట్టి ఉంది.' అసలు గడిలో ఏమీ రాయలేదు. ఇంకా విచారించాలి.

జూలై 8

ఎదురింటి కృష్ణమూర్తి గారు నన్ను గల్లీ మొదట్లోనే ఆపారు. వకీలు దగ్గర గుమాస్తా ఆయన. తెల్లని ధోవతి, కళ్లజోడు.

"ఏమమ్మా, ఆ ఇల్లు రాసినవా?"

"ఇంకా లేదండి. విచారణలో ఉంది."

"విచారించేదేముంది? మా అరుగు మీద రోజుకొక ఊరు పండుకుంటున్నది. మొన్న హాలియా ఆయన మా ఇంట్ల ఉప్పడిగి తీస్కపోయిండు. నిన్న ఇంకొకాయన నిచ్చెన తీస్కపోయిండు. కాన్పుకు నిచ్చెనతోని ఏం పని?"

నాకు నవ్వొచ్చింది గాని పెన్సిల్ కొరికి ఆపుకున్నాను.

"ఇగ ఏడుపులు. ఏ ఇంట్లనైనా పిల్లలు ఏడుస్తరు, ఎన్నడో ఒకనాడు పెద్దగయితరు, ఊకుంటరు. ఈడ పెరగరమ్మా. ఆరేండ్ల నుంచి ఎన్నడు సూసినా పది రోజుల పిల్లలే."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. బండి నిజంగానే దారికి అడ్డం ఉంది. చివరికి ఒక మాట అన్నారు: నెలాఖరుకు నువ్వు రాయకపోతే నేనే అర్జీ పెడతా, అందులో నీ పేరు కూడా ఉంటుంది అని.

జూలై 9

బజారు వైపు పదకొండు ఇండ్లు. మూడో గల్లీ తర్వాత.

జూలై 10, ఆదివారం. ఆత్మకూర్.

ఇంటికి వచ్చాను. గుడిలో ఆరాధన అయ్యాక అమ్మ తలకు నూనె పెడుతూ నా ఉద్యోగం గురించి వాడవాడకూ వినిపించేలా మాట్లాడింది. "మా ఎస్తేరు అడిగితే ఎంత పెద్దింటోళ్లయినా లేచి జవాబు చెప్పాల్నట." అంత లేదని చెప్పాను. అమ్మ వినలేదు.

సుందరమ్మ వదినెకు ఎనిమిదో నెల దాటింది. ఆమెకు తల్లి లేదు, పుట్టిల్లూ లేదు. పోయినేడు తొలికాన్పుకు బండి కట్టేసరికి సూర్యాపేట దారిలో వాగు పొంగింది. నీళ్లు దిగేదాకా బండి ఈ గట్టునే ఆగింది. బాబు బండిలోనే పుట్టాడు, బండిలోనే పోయాడు. అంతకంటే రాయను.

అన్న ఆకాశం వైపు చూసి, వాగు వైపు చూసి, నా వైపు చూశాడు.

"దవాఖాన పక్కనే ఒక ఇల్లున్నది" అన్నాను.

పట్టీ సంగతి చెప్పలేదు. వాళ్లు అడగలేదు కూడా.

జూలై 12

గిర్దావర్ గారు అడిగారు, ఎన్ని గల్లీలు అయ్యాయని. రెండో గల్లీ, నాలుగో గల్లీ అయ్యాయని చెప్పాను. రెండు తర్వాత నాలుగు ఎట్లా వచ్చిందని ఆయన అడగలేదు. మూడో గల్లీ బురదగా ఉంది, ఆరాక పోతాను. ఇది నిజమే. నాలుగో గల్లీ కూడా బురదగానే ఉండింది, అదీ నిజమే.

జూలై 15, శుక్రవారం

నిన్న జమునాకు కొడుకు. దస్రు ఆ వార్త ముందు ఎద్దుకు చెప్పి తర్వాత మనుషులకు చెప్పాడట. ఈరోజు చూసి వద్దామని పోయాను. పని మీద కాదు. అయినా పట్టీ చంకలోనే ఉంది కనుక అంచున రాశాను: 'జమునా మూట ఈరోజు విప్పి ఉంది.'

పసిబిడ్డ తల్లి మొన్ననే వెళ్లిపోయిందట, ఆమె మూట అయిపోయింది. బాలనర్సమ్మ జమునా బియ్యంతో బెల్లమన్నం వండి నాకూ పెట్టింది. వద్దంటే వినలేదు. "పట్టీ పక్కన పెట్టి తిను. అన్నం రాసుకునేది గాదు" అన్నది.

వదినె గురించి అడిగాను. పేరు అడగలేదు, కులం అడగలేదు, మతం అడగలేదు. ఒకటే అడిగింది: "ఎన్నో నెల?"

నేనే చెప్పాను, మేము క్రైస్తవులం, ఆత్మకూర్ మాదిగవాడ అని. "మంచిది. ఐతారం తీస్కరాండ్రి" అన్నది.

జూలై 17, ఆదివారం

వచ్చారు. అన్న బండి కట్టుకొని, సుందరమ్మ వదినెను గడ్డి మీద కూర్చోబెట్టి, అమ్మ వెనకాల నడుస్తూ. వాగులో మోకాలి లోతే ఉందట. బియ్యం మూట తెచ్చారు. మా ఇంట్లో ఉన్న మంచి బియ్యమంతా అదే, నాకు తెలుసు. అన్న మోకు ముడి వేసి తెచ్చాడు. అన్న ముడి వేస్తే ఇక అది ముడి కాదు, రాయి.

బాలనర్సమ్మ వదినె కాళ్లకు నీళ్లిచ్చి, బొట్టు పెట్టబోయి ఆగి, "పెట్టొచ్చునా?" అని అమ్మను అడిగింది. అమ్మ ఒక్క క్షణం పైకి చూసి, "పుట్టింటోళ్లు పెడితే దేవుడు ఏమంటడు" అన్నది.

వదినె ఏడ్చింది. సంతోషంతోనే.

అన్న బండి కృష్ణమూర్తి గారి గోడకు ఆనించి పెట్టాడు. తీయించాను. పట్టీ రాసే మనిషి బండి అక్కడ ఉండకూడదు.

అంచున: 'సుందరమ్మ మూట. కట్టి ఉంది.' నియమం అందరికీ ఒకటే కనుక రాశాను.

జూలై 19

పొద్దున బడికి దరఖాస్తు రాశాను. సాయంత్రం వదినెను చూసి వచ్చాను. వదినె అప్పుడే ఆ ఇంట్లో పుట్టి పెరిగినదానిలా పొయ్యి దగ్గర కూర్చొని జమునాతో పోట్లాడుతున్నది. చింతకాయ తొక్కు ఎవరికి ఎక్కువ వచ్చిందని.

అన్నం జమునా మూటలోది. మా మూట కట్టినట్టే ఉంది. ఇంకా అవసరం పడలేదేమో.

జూలై 20, బుధవారం

జమునా ఈరోజు తండాకు వెళ్లిపోయింది. పోయేటప్పుడు బాలనర్సమ్మ ఆమె ఒళ్లో అయిదు మానికల బియ్యం పోసింది, పుట్టిల్లు వదిలే బిడ్డకు పోసినట్టు. దాంతో జమునా మూట అయిపోయింది. మధ్యాహ్నం వంటకు బియ్యం లేవు. బాలనర్సమ్మ చేట పట్టుకొని ఎదురింటికి పోయి కృష్ణమూర్తి గారి భార్య సత్యవతమ్మ గారిని అడిగి రెండు సోలలు బదులు తెచ్చింది.

మా మూట పక్కనే ఉంది. ఆమె దాన్ని దాటుకొని ఎదురింటికి పోయింది. దాటుకొని. నేను పంచలోనే నిలబడి ఉన్నాను.

లంబాడా వాళ్ల మూట విప్పింది. మాది విప్పదు. ఎందుకో నాకు తెలియదా? బడిలో మా కుండ వేరుగా పెట్టిన పంతులమ్మ కూడా నవ్వుతూనే పెట్టింది.

నాకు కోపం లేదు. కోపానికీ దీనికీ సంబంధం లేదు. మూడో గల్లీ ఎట్లాగూ రాయవలసిందే. కృష్ణమూర్తి గారు చెప్పింది న్యాయమే. బండి అడ్డమే, ఏడుపులు నిజమే, గింజలు తీసుకోవడం నిజమే. ఇన్నాళ్లు రాయకపోవడమే తప్పు. రిపోర్టు రాసేశాను. ఒక పేజీ. చాలా బాగా వచ్చింది. చివరి వాక్యం: 'ఈ ఇంట్లో బిడ్డలు అని చెప్పుకొనేవారిలో కూడా కులభేదం పాటించబడుతున్నది.'

నాకు కోపం లేదు.

జూలై 21

పొద్దున చదివితే రిపోర్టులో ఒకటి లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు బయటి నుంచి వచ్చి ఉన్న ఒకే ఒక్క మనిషి మా వదినె అన్న సంగతి లేదు. అన్నీ ఉన్నది ఉన్నట్టు రాసి అది ఒక్కటే మింగాను. చించి మళ్లీ రాశాను.

ఇందులో కోపం లేదు. నిన్నటిదాంట్లో ఉండింది. కుల వాక్యం తీసేశాను. అది నేను అనుకున్నది, చూసింది కాదు. చూసింది మాత్రమే రాశాను: పల్లెల నుంచి గర్భిణీలు వచ్చి ఉంటారు. భర్తలు బియ్యం తెస్తారు. ఆమె పోయేటప్పుడు ఒడిలో కొంత తిరిగి పోస్తుంది. కిరాయి కాదంటుంది. బండ్లు దారికి అడ్డం. నా వదిన సుందరమ్మ ఈ ఇంట్లోనే ఉన్నది, నేనే తెచ్చాను, కనుక ఈ ఇంటి సంగతి ఇంకొకరు తేల్చాలని మనవి.

గిర్దావర్ గారు రెండుసార్లు చదివారు.

"మీ వదినెనా?"

"అవునండి."

"ఇది రాయకుంటే ఎవరికి తెలుస్తుండె?"

"నాకు తెలుసు కదండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "శనివారం నేనే వస్త. కిరాయి అని తేలితే ఆనాడే సీలు పడ్తది. మీ వదినెను వాపస్ తీస్కపోవాల్సి వస్తది. సోచాయించుకున్నవా?"

ఆలోచించుకున్నానని చెప్పాను. వాన పడుతున్నది. వాగు గుర్తొచ్చింది. రిపోర్టు అప్పటికే ఆయన చేతిలో ఉంది.

జూలై 22

ఆ ఇంటికి పోలేదు. వదినె నా కోసం ఎదురుచూసి ఉంటుంది.

జూలై 23, శనివారం

అన్నీ వరసగా రాస్తాను.

గోపయ్య గారు గొడుగుతో వచ్చారు, వెనక జవాను, జవాను చేతిలో లక్క, తాళం. కృష్ణమూర్తి గారు అరుగు దిగి వచ్చారు. సత్యవతమ్మ గారు తలుపు చాటున. దస్రు కూడా ఉన్నాడు. తండా నుంచి వచ్చి, జమునా పంపిన వెన్న ముంత పట్టుకొని ఏమీ అర్థంకాక నిలబడ్డాడు. వదినె పంచలో పీట మీద. నా వైపు చూసి నవ్వింది. నేను పట్టీ వైపు చూశాను.

"ఏమమ్మా, కిరాయి ఎంత తీసుకుంటవ్?" అని గోపయ్య గారు.

"కిరాయి లేదు సారూ" అన్నది బాలనర్సమ్మ.

"నువ్వు చెప్పవయ్యా, ఏమిచ్చినవ్ ఈమెకు?"

దస్రు ముంత చూపించాడు. "వెన్న."

"అది గాదు. ఉన్నందుకు."

"పెండ్లాం పుట్టింట్ల ఉన్నందుకు కిరాయిస్తరా సారూ? నీ దగ్గర తీసుకున్నరా?"

జవాను దగ్గాడు. కృష్ణమూర్తి గారు ముందుకొచ్చారు. "మాటలు బానే నేర్పింది. ఆ మూట చూడండి. మనిషి దిగుడుతోనే మూట దిగుతది. ముందుగాల ఇచ్చిన పేషగీ కిరాయి కాకుంటే ఏందది?"

"అది నేను ముట్టలే" అన్నది బాలనర్సమ్మ.

"ముట్టకుంటే గాలి తిని బతుకుతున్నవా?"

"కాన్పయినంక ముడ్త. కాకముందు ముట్ట."

"ఎవరు చూసిన్రు?"

గోపయ్య గారు నా వైపు తిరిగారు. "అమ్మాయ్, నువ్వేమైనా చూసినవా? రాసుకున్నవా?"

పట్టీ విప్పి అంచున ఉన్నది చదవడం మొదలుపెట్టాను. "జూలై ఏడు. మూటలు రెండు. పసిబిడ్డ తల్లిది విప్పి ఉంది. జమునాది కట్టి ఉంది." పేజీ తిప్పాను. "పధ్నాలుగున జమునాకు కొడుకు. పదిహేను. జమునా మూట ఈరోజు విప్పి ఉంది." ఇంకొకటి ఉంది. "పదిహేడు. సుందరమ్మ మూట. కట్టి..."

అక్కడ ఆగి, వెనక పేజీలు మళ్లీ తిప్పి చూశాను. అన్నీ నా చేతిరాతే. అన్నీ నీలంగా, వరసగా ఉన్నాయి. ఇన్ని రోజులు చంకలో పెట్టుకొని తిరిగాను.

"కట్టి ఉంది" అని పూర్తి చేశాను. ఇరవైన ఇంట్లో బియ్యం లేక ఎదురింట్లో బదులు తెచ్చిన సంగతి కూడా చెప్పాను.

గోపయ్య గారు మూట దగ్గరికి పోయి అన్న వేసిన ముడిని వేలితో తట్టి చూశారు.

"బిడ్డ కడుపు పండేదాక బిడ్డ ఇంటి మెతుకు ముట్టొద్దు" అన్నారు. మాకు కాదు, ముడికి చెప్పినట్టు. "నా బిడ్డను కోదాడల ఇచ్చిన. మూడేండ్లాయె. సర్కారీ పని మీద నెలకొకపారి పోత. వాకిట్ల నిలబడి మాట్లాడి, బస్సుల అడ్డ కాడ హోటల్ల తిని వస్త. మంచినీళ్లు గూడ ముట్టలే ఇంకా." తర్వాత కృష్ణమూర్తి గారితో, "మీరండీ?" అన్నారు.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. తలుపు చాటు నుంచి సత్యవతమ్మ గారి గొంతు వచ్చింది: "నాలుగేండ్లు ముట్టలే. మనుమడు పుట్టిన నాడు ఒక్కపారే పదకొండు గారెలు తిన్నరు."

"తొమ్మిది" అన్నారు కృష్ణమూర్తి గారు.

జవాను ఈసారి దగ్గలేదు, నవ్వేశాడు.

"కిరాయి తీసుకునేటోడు పుట్టినా పుట్టకున్నా తీసుకుంటడు" అన్నారు గోపయ్య గారు. "ఇంట్ల బియ్యం లేకున్నా మూట ముట్టనిది కిరాయి ఇల్లు గాదు. రాయి అమ్మాయ్: తల్లిగారిల్లు." కానీ కృష్ణమూర్తి గారి ఫిర్యాదు కూడా న్యాయమే అన్నారు. బండి ఏదైనా గల్లీ మొదట్లోనే ఆగాలి, అరుగు మీద ఎవరూ పడుకోకూడదు, వచ్చినవాళ్ల పేర్లు మూడు రోజుల్లో కచ్చేరికి అందాలి.

"మరి మా నిచ్చెన?" అన్నారు కృష్ణమూర్తి గారు.

నిచ్చెన బాలనర్సమ్మ ఇంటి వెనకే దొరికింది. దండెం కట్టడానికి తెచ్చారట.

జూలై 24, ఆదివారం

గుడి నుంచి నేరుగా బాలనర్సమ్మ దగ్గరికి పోయాను. రిపోర్టు రాసింది నేనేనని చెప్పాను. తెలుసు అన్నది. మొదటి రిపోర్టు సంగతి కూడా చెప్పాను, మా కులం చూసి మూట ముట్టలేదనుకున్నానని. అది ఆమెకు తెలియదు.

ఆమె తడి దుప్పటి పిండుతూ ఆగింది. ఆ దుప్పటి ఒక కొస నాకిచ్చింది. ఇద్దరం చెరో వైపు మెలిపెట్టాం.

"దవాఖాన బట్టలు ఇరవయ్యేండ్లు ఉతికిన" అన్నది. "ఏ కులపోళ్ల నెత్తురైనా ఒక్క తీరుగనే అంటుకుంటది. ఒక్క తీరుగనే పోదు. ఇంత సదివినవ్, మూట ఎందుకు ముట్టలేదో మీ అమ్మను అడిగితే చెప్తుండె గద."

తొమ్మిదేండ్లప్పుడే హాస్టల్‌కు పోయాను, ఇవన్నీ నాకెవరు చెప్పారు? అని అందామనుకున్నాను. అనలేదు. అది నిజమే గాని జవాబు కాదు.

"మరి నన్ను ఎందుకు అడగలే, ఎందుకు మొఖం ముడుచుకున్నవని?"

"నేను అడిగితే నువ్వు రాసుకుంటవ్" అన్నది. వదినె నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నది.

జూలై 26

రెండు రోజులుగా వాన. ఆత్మకూర్ వాగు రెండు గట్లూ తాకి పారుతున్నదని బస్సు దిగినవాళ్లు చెప్పారు. అన్న అవతలి గట్టున ఉంటాడు.

వదినె ఇక్కడ ఉంది. వదినె ఇక్కడే ఉంది.

జూలై 27

పట్టీ అప్పజెప్పాను. మొత్తం నలభై మూడు కిరాయి ఇండ్లు. మూడో గల్లీలో సున్నా. గోపయ్య గారు అంచులన్నీ చదివారు. మూటల సంగతి, ఎద్దు నాకిన సంగతి అన్నీ. "కచ్చేరి పట్టీల ఎద్దు ఎందుకమ్మా?" అన్నారు. నాకింది కదండి అన్నాను. బడి దరఖాస్తు మీద సంతకం చేసి ఇచ్చారు.

వెళ్తుంటే పిలిచి, ఎటో చూస్తూ అడిగారు: "ఆ ఇంట్ల దసరా నాటికి ఒక అర్ర ఖాళీ ఉంటదా? మా ఇంటికి దవాఖాన దూరం. కోదాడ నుంచి బిడ్డ ఉత్తరం వచ్చింది."

జూలై 29, శుక్రవారం

ఆడపిల్ల. నిన్న పొద్దెక్కాక. నొప్పులు మొదలైనప్పుడు వదినె నడిచే పోయింది, గల్లీ చివరిదాకా, ఒక వైపు బాలనర్సమ్మ, ఒక వైపు నేను. కృష్ణమూర్తి గారు గొడుగు పట్టారు. గొడుగు మాకు పట్టి ఆయన తడిశారు. దవాఖాన రిజిస్టరులో పుట్టిల్లు ఎక్కడ అని అడిగితే వదినె నొప్పిలోనే, "మూడో గల్లీ" అని గట్టిగా చెప్పింది.

పిల్ల ఏడుపు గల్లీ మొదటిదాకా వినిపించింది. కృష్ణమూర్తి గారు, "ఇగ మొదలైంది" అన్నారు. అని మళ్లీ నవ్వారు.

ఈరోజు పొద్దున బాలనర్సమ్మ తానం చేసి, పొయ్యి అలికి, మా మూట ముందు కూర్చున్నది. ముడి రాలేదు. నేను ప్రయత్నించాను, రాలేదు. సత్యవతమ్మ గారు గారెల పిండి చేతులతోనే వచ్చి ప్రయత్నించారు, రాలేదు. కత్తి తెస్తానన్నాను.

"కోయొద్దు. మీ అన్న కట్టింది విప్పాలె గాని కోస్తరా?"

చివరికి నా పెన్సిల్ ముడి సందులో దూర్చి తిప్పాను. తడి మోకు, కొంచెం కొంచెంగా సడలింది. పెన్సిల్ మొన విరిగి లోపల పడింది. బాలనర్సమ్మ రెండు దోసిళ్లతో బియ్యం తీసి చేటలో పోసింది. మొన ఎంత వెతికినా దొరకలేదు.

అన్నం ఉడికాక చూస్తే నాలుగైదు మెతుకులు నీలంగా ఉన్నాయి. మొదటి ముద్ద బాలనర్సమ్మ తాను తిన్నది. నీలం మెతుకులన్నీ ఏరి నా విస్తట్లో వేసింది.